నలభై రెండో నంబరు

కాలేజీ గేటు ముందు బస్సు ఆగగానే డ్రైవరు ఇంజను ఆపి, చొక్కా సరిచేసుకుని, పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళిపోయేవాడు. అది ఆఖరి స్టాపు, బస్సు అక్కడినుంచే వెనక్కి తిరగాలి. తిరుగు బస్సుకి వెళ్ళేవాళ్ళు సీట్లలో సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఎవరైనా కొత్త మనిషి "ఏమ్మా, బండి ఇవాళ కదుల్తుందా?" అని అడిగితే కండక్టరమ్మ టికెట్లు చింపుతూనే జవాబు చెప్పేది.

"డ్రైవరన్న కూతురి హాజరు వినడానికెళ్ళాడు. వచ్చేస్తాడు, కూర్చోండి."

"ఏం చదువుతోందేంటి?"

"రాళ్ళు. భూమి లోపలి రాళ్ళు, మట్టి, అదేదో. నన్నడక్కండి. పోయింది పాపం, మొన్న వానాకాలంలో."

"అయ్యో," అనేవాడు ఆ మనిషి, టికెట్టు జేబులో పెట్టుకుని కిటికీ పక్కకి జరిగి కూర్చునేవాడు. అంతకు మించి అడగడానికేముంది? పిల్ల పోయింది, క్లాసులో హాజరు పలుకుతోంది, తండ్రి వినడానికెళ్ళాడు. ఇంతకంటే పనికిమాలిన కారణాలకి ఆలస్యంగా నడిచే బస్సులు ఊళ్ళో బోలెడు.

ఆ పిల్లకి క్లాసులో ముందుబెంచి అని పేరు పడిపోయింది. నాన్న బస్సులోనే వచ్చేది కాబట్టి అందరికంటే ముందొచ్చేది. వచ్చి, బోర్డుకి ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చునేది. పాఠం చెప్పే ఆయన్ని పిల్లలు రాళ్ళమాస్టారు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల కాస్త ముచ్చట కూడా. సంచినిండా రాళ్ళు మోసుకొచ్చి బల్ల మీద పరిచి, ఒక్కొక్కటీ చేతికిచ్చి "దీని వయసెంతో చెప్పండి" అనేవాడు. వెనక బెంచీలు ఆవులించేవి. ఈ పిల్ల మాత్రం రాయిని రెండు చేతులా పట్టుకుని ఒక పట్టాన తిరిగిచ్చేది కాదు. "అమ్మాయ్, అది కాలేజీ రాయి" అని మాస్టారు గుర్తు చేస్తే అందరూ నవ్వేవాళ్ళు. తనూ నవ్వేది.

ఇంటికి చేరాక మళ్ళీ అదే పురాణం. తల్లి చొక్కాలకి కాజాలు కుట్టేది. కుట్టుకొట్టువాళ్ళు కట్టలు కట్టలుగా చొక్కాలు ఇంటికి పంపితే కాజాలు కుట్టి, బొత్తాలు పెట్టి తిరిగి పంపడం ఆమె పని. కళ్ళు సూది మీద, చెవులు కూతురి మీద.

"రాళ్ళెత్తడానికా నిన్ను కాలేజీకి పంపింది?" అనేది.

"రాయి కాదమ్మా. ఇదొకప్పుడు సముద్రం అడుగున ఉండేది."

"అయితే తెచ్చి నా నెత్తిన పెట్టు. పొద్దున్నించీ అదొక్కటే తక్కువైంది నాకు."

రాళ్ళ పిచ్చి ఒక ఎత్తు, లైబ్రరీ పిచ్చి ఒక ఎత్తు. పాత లైబ్రరీ అంటే కాలేజీ వెనక ఒక గది. వానొస్తే పుస్తకాలకి పట్టా కప్పి తాళం వేసేసేవాళ్ళు, మళ్ళీ ఎండ కాసేదాకా ఎవరికీ చదువు లేదు. కొత్తది రాళ్ళమాస్టారి క్లాసుకి సరిగ్గా ఎదురుగా కడుతున్నారు. పునాది తవ్విన రోజునుంచీ ఈ పిల్లకున్న పట్టింపు తాపీమేస్త్రీకి కూడా లేదు. రాత్రి కంచాల ముందు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేది. ఇవాళ మెట్లు పోశారు. ఇవాళ అద్దాలు బిగించారు. ఇవాళ కుర్చీలొచ్చాయి నాన్నా, కాయితాలు చుట్టి ఉన్నాయి, నేనొక దాన్లో కూర్చున్నాను, వాచ్‌మన్ అరిచాడు.

"పై అంతస్తులో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. అది నాది."

"నీ పేరు రాసుందా దాని మీద?" అనేవాడు తండ్రి.

"రాయక్కర్లేదు. దానికి తెలుసు."

"ముందు తిను. కుర్చీ కథ తర్వాత చెబుదువు గాని."

కట్టడం పూర్తయ్యాక పాత గదిలోంచి కొత్త భవనానికి పుస్తకాలు చేరవెయ్యాలి. ఆ కాలేజీలో అలాంటి పనులకి కూలీల్ని పెట్టే అలవాటు లేదు. పిల్లలందరూ ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మం దాకా వరసగా నిలబడి, పుస్తకాలు చేతులు మార్చుకుంటూ అందించుకోవాలి. మధ్యాహ్నం వాన పట్టుకుంది. సగంమంది వరండాలోకి పరుగెత్తారు. ముందుబెంచి తన వానకోటు విప్పి, మధ్యలో ఆగిపోయిన పుస్తకాల దొంతర మీద కప్పి, అక్కడే కాపలా నిలబడింది. పుస్తకం ఒక్కటి కూడా తడవలేదు. ఆ సాయంత్రం బస్సులో వణుకుతూ కూర్చుని, "ప్రారంభం సోమవారమట నాన్నా" అంది.

సోమవారం నాటికి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అయినా లేచి జడ వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. తండ్రి అడ్డం నిలబడ్డాడు. ఇరవయ్యేళ్ళుగా బస్సు నడుపుతున్న మనిషి, ఒక్కరోజు కూడా టైముకి ముందు బండి కదిపి ఎరగడు, తర్వాతా కదిపి ఎరగడు. దేని వేళకి అది జరగాలన్నది ఆయన పద్ధతి. జ్వరం ఉంటే మంచం, తగ్గాక లైబ్రరీ.

"ఒక్కసారి చూసి వచ్చేస్తా నాన్నా."

"లైబ్రరీ ఎక్కడికీ పోదు. జ్వరం తగ్గాక నేనే దగ్గరుండి దింపుతాను."

తల్లి సూది పక్కన పెట్టి వచ్చింది. "పోనీ తీసుకెళ్ళండి. మీ బస్సే కదా. గుమ్మంలోంచి చూపించి తీసుకొచ్చెయ్యండి. పిల్ల అంతలా అడుగుతుంటే."

"నువ్వూ దానికి వంతపాడకు," అన్నాడు. పిల్ల చెప్పులు తీసి అలమరా మీద పెట్టేసి, డ్యూటీకి వెళ్ళిపోయాడు.

లైబ్రరీ నిజంగానే ఎక్కడికీ పోలేదు. వారం తిరక్కుండా ఆసుపత్రిలో పిల్లే పోయింది. ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరిందన్నారు డాక్టర్లు. సోమవారం బయటికి వెళ్ళినా, వెళ్ళకపోయినా జరిగేది ఇదేనన్నారు. ఆ మాట తండ్రికి కొంచెం ఊరట అవుతుందని చెప్పారు కాబోలు. తల్లికి మాత్రం అది గునపంలా దిగింది. ఎలాగూ పోయేదే అయితే, చూసి పోయేది కదా.

అదే మాట మొగుడితో అంది. ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట కూడా అదే. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె మాట్లాడేది గోడతో. "భోజనం బల్ల మీదుంది" అని గోడకి చెప్పేది. "కొట్టువాళ్ళొస్తే కట్ట ఇచ్చెయ్యాలి" అని తలుపుకి చెప్పేది. ఆయన ఆ గోడ పక్కనే కూర్చుని అన్నీ వినేవాడు. తిట్టినా బాగుండేది పాపం.

పిల్ల పోయినందుకిచ్చిన సెలవయ్యాక కాలేజీ మళ్ళీ తెరిచిన రోజు రాళ్ళమాస్టారు హాజరు పిలిచాడు. ఆ కాలేజీలో పేర్లు పిలవరు, నంబర్లే. నలభై ఒకటి అయింది. నలభై రెండు వదిలేద్దామనుకున్నాడు కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకోదుగా. "నలభై రెండు" అనేశాడు.

"ప్రెజెంట్ సార్."

ముందు బెంచిలోంచే వచ్చింది. అదే గొంతు, ఎప్పటిలాగే పిలుపు పూర్తికాకుండానే అందుకునే తొందర. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హాజరు వేసి, నలభై మూడుకి వెళ్ళాడు. తర్వాత ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఇలా ఇలా అని చెప్పాడు.

"ఏడాది ఫీజు కట్టిందా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"కట్టింది."

"మరింకేం. వేసుకోండి హాజరు. బతికున్నవాళ్ళు ఎటూ రావడం లేదు."

కబురు గేటు దాటి బస్సు దాకా వచ్చింది. ఆ మర్నాటి నుంచే డ్రైవరు వెళ్ళడం మొదలుపెట్టాడు. క్లాసులోకి వెళ్ళేవాడు కాదు. వరండాలో, కిటికీ ఊచలకి నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. వీపు ఎప్పుడూ లైబ్రరీ వైపే. దాని మెట్లు అక్కడికి ఇరవై అడుగులుండవు, ఏడాదంతా ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు. నలభై రెండు పిలిచేవాళ్ళు, జవాబు వచ్చేది, ఈయన కళ్ళు తెరిచి బస్సుకి వెళ్ళిపోయేవాడు. ఆ రెండు ముక్కల మీద రోజంతా బండి నడిచేది.

ఒకసారి ఉండబట్టలేక మాస్టారిని అడిగాడు. "సార్, ఇంకోసారి పిలవరూ?" ఆయన కాదనలేక మళ్ళీ "నలభై రెండు" అన్నాడు. "ప్రెజెంట్ సార్" అని వచ్చింది, కానీ విసుగ్గా. ఒకసారి చెప్పాను కదా అన్నట్టు. ఆ విసుగు ఇంట్లో ఎన్నిసార్లు విన్నాడో ఆయన. ఆరోజు స్టీరింగు ముందు కూర్చుని నవ్వుతూ ఏడుస్తుంటే కండక్టరమ్మ విజిలు వెయ్యకుండా కాసేపు ఆగింది.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నీ చెప్పేవాడు. "ఇవాళ కాస్త జలుబు చేసినట్టుంది గొంతు." "ఇవాళ హుషారుగా ఉంది, మాస్టారు కొత్త రాయి తెచ్చారట." ఆమె కాజా కుడుతూనే ఉండేది. వింటోందో లేదో తెలిసేది కాదు. జలుబన్న రోజున మాత్రం సూది వేలికి గుచ్చుకుంది.

కండక్టరమ్మ ఇది చూడలేక ఒక సెలవు రోజున ఇంటికి వచ్చింది. చొక్కాల కట్ట పక్కకి జరిపి కూర్చుంది.

"వదినా, ఒక్కసారి వచ్చి వినరాదూ?"

"వింటాను. విన్నాక ఇంటికొచ్చి ఏం చెయ్యను?"

కండక్టరమ్మ ఒక చొక్కా ఒళ్ళోకి తీసుకుని బొత్తాలు లెక్కపెట్టింది. బస్సులో ఎంతమందికి ఎన్ని జవాబులు చెబుతుందో.

"అది నన్ను పిలవదు కదమ్మా," అంది తల్లి దారం కొరుకుతూ. "అమ్మా అనదు. ఆకలేస్తోంది అనదు. ఎవరో మాస్టారికి జవాబు చెబుతుంది. ఆయనకి సరిపోతుంది అది. రోజూ వెళ్ళి, విని, తప్పు కడుక్కుని వస్తున్నాడు. కడుక్కోనీ."

"కడుక్కోవడం కాదు వదినా. నువ్వొకసారి ఆ మనిషిని చూడు."

"ఏడాది ఎలాగూ అయిపోవస్తోంది. ఆ హాజరు పిలవడం ఆగిన రోజు నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. సంచి కూడా సర్దుకున్నాను. నీ అన్నకి నువ్వే చెప్పు. నేను గోడకి చెబితే వినబడదేమో."

కండక్టరమ్మ చెప్పింది. చెప్పక తప్పుతుందా? డ్రైవరు ఊఁ కొట్టి ఊరుకున్నాడు. రోజులు మరి ఆగుతాయా. కూతురి గొంతూ, పెళ్ళామూ ఒకే రోజున వెళ్ళిపోతాయని తెలిసి కూడా పొద్దున ఆయన బండి ఒక్క నిమిషం ఆలస్యంగా బయల్దేరలేదు. రాత్రిళ్ళు మాత్రం వీధిలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆమె నిద్రపోయాక లోపలికి వచ్చి, గోడకి వేలాడుతున్న సంచి ఉందా లేదా చూసుకుని పడుకునేవాడు.

చివరికి ఒక శుక్రవారం సాయంత్రం వచ్చి చెప్పాడు. "రేపే ఆఖరు. సోమవారం నుంచి పరీక్షలకి చదువుకోమని వదిలేస్తారు. హాజరు పిలవరు." చెప్పులు విప్పి, "నాకోసం కాదు," అన్నాడు. "దానికోసం రా." ఆమె దీపం తగ్గించి అటు తిరిగి పడుకుంది.

పొద్దున స్టాపులో జనంతో పాటు ఆమె నిలబడి ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, చేతిలో సర్దుకున్న సంచి. అట్నుంచి అటే అక్క ఊరికి వెళ్ళిపోవడానికన్నమాట. డ్రైవరు చూశాడు. బ్రేకు మామూలు కంటే మెల్లగా వేశాడు. ఆమె ఎక్కి, అందరిలాగే టికెట్టు తీసుకుంది. కండక్టరమ్మ వద్దంటే వినలేదు. "ఎవరి బస్సని ఊరికే ఎక్కను?" అంది. దారిపొడుగునా అద్దంలో ఆమె మొహం కనబడుతూనే ఉంది. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

వరండాలో ఆయన ఎప్పటి చోట, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె గుమ్మం దగ్గర, గోడవార. లోపల పిల్లలు గుసగుసలాపారు. మాస్టారు ఆమెని చూసి చిన్నగా తలవంచి, హాజరు మొదలుపెట్టాడు. ఒకటి నుంచి పిలుపు కదులుతూ ఉంటే ఆమె పిడికిట్లో కొంగు నలిగిపోతోంది. ఏడాది పాటు వద్దు వద్దన్న మనిషికి ఇప్పుడు ఈ నంబర్లు ఎందుకింత నెమ్మదిగా వస్తున్నాయా అనిపించింది. ముప్ఫైలు దాటాయి. నలభై అయింది. నలభై ఒకటి.

"నలభై రెండు."

ఫ్యాను తిరుగుతోంది.

మాస్టారు తలెత్తి ముందు బెంచి వైపు చూశాడు. క్లాసంతా చూసింది. అసలు పిలుపు పూర్తికానిచ్చే పిల్ల కాదే. ఆయన మళ్ళీ పిలిచాడు.

"నలభై రెండు."

బయట ఎక్కడో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. అంతే.

 ఇంతేనా, నేను వచ్చిన రోజునే, నా పాపమా ఇది అనుకుంది తల్లి. కోపంగా మొగుడి వైపు తిరిగింది. ఎన్నడూ చూడనిది అప్పుడు చూసింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఊచలకి నుదురు ఆనించి ఉన్నాడు, ఏడాదిగా రోజూ ఆనించిన చోట ఊచ మీద రంగు పోయి ఉంది. పెదాలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, చెప్పమ్మా, చెప్పమ్మా అంటున్నాయి. తప్పు కడుక్కునే మనిషి మొహం కాదది. గుమ్మం ముందు చెయ్యి చాపి నిలబడ్డవాడి మొహం.

మాస్టారు ఇంక లాభం లేదని నలభై మూడు పిలవడానికి నోరు తెరిచాడు.

"ప్రెజెంట్ సార్," అంది తల్లి.

గొంతు బొంగురుగా వచ్చింది. ఏడాదిగా ఇంట్లో గోడలతో తప్ప మాట్లాడని గొంతు. కూతురి గొంతుకీ దానికీ పోలికే లేదు. క్లాసులో ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మాస్టారు తలవంచుకుని హాజరు వేశాడు. "నలభై మూడు" అన్నాడు. ఆ నలభై మూడు అబ్బాయికి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

డ్రైవరు కళ్ళు తెరవలేదు. అలాగే నిలబడి మెల్లగా అన్నాడు.

"ఇవాళ గొంతు కాస్త మారింది."

ఆమె దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది. "మారదూ మరి. జ్వరమొచ్చి తగ్గింది కదా," అంది.

అప్పుడు ఏడ్చాడాయన. పిల్ల పోయిన రోజున ఏడవని మనిషి, వరండాలో, అంతమంది పిల్లల ముందు, ఊచలు పట్టుకుని భోరున ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు. వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

హాజరు అయ్యాక మాస్టారు బయటికి వచ్చాడు.  రాళ్ళ గురించి తప్ప మాట్లాడటం తెలిసిన మనిషి కాదు.

"పాఠాలు నిన్ననే అయిపోయాయమ్మా," అన్నాడు చివరికి. "ఆఖరి పాఠం నిన్న మధ్యాహ్నం చెప్పేశాను. ఇవాళ ఉత్త హాజరే. పాఠం లేని రోజు మీ అమ్మాయి క్లాసులో ఎప్పుడూ కూర్చోలేదు. నాకే తట్టలేదు చూడండి." ఎదురుగా ఉన్న భవనం వైపు చూశాడు. "అక్కడికి వెళ్ళుంటుంది."

ఇద్దరూ మెట్లెక్కారు. గుమ్మంలో లైబ్రేరియనమ్మ కార్డు అడిగింది. "నలభై రెండు," అంది తల్లి. ఆమె ఇంకేం అడగకుండా లోపలికి చెయ్యి చూపించింది. లోపల కొత్త చెక్కవాసన, ఎత్తైన అద్దాలు. పిల్లలు పుస్తకాల మీద వాలి చదువుకుంటున్నారు. ఇదిగో, దీనికోసమే పిల్ల కంచం ముందు పెట్టుకుని అన్నం చల్లారబెట్టుకున్నది. పై అంతస్తుకి వెళ్ళారు. కిటికీ పక్కన కుర్చీలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది తనదో ఎవరికి తెలుసు? తండ్రి వరస చివరిదాకా చూసుకుంటూ వెళ్ళాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆగలేక నోరు తెరిచాడు.

"అమ్మడూ..."

తల్లి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ మాట్లాడకూడదు," అంది చెవి దగ్గర. "కోప్పడుతుంది."

ఒక బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరూ పుస్తకం తీయలేదు. ఇంట్లో ఏడాదిగా ఉన్నదీ మౌనమే, ఇక్కడ కూర్చున్నదీ మౌనమే. కానీ ఇక్కడ ఇద్దరూ దేనికోసమో చెవులొగ్గి కూర్చున్నారు. కింద గేటు దగ్గర బస్సు ఆగే ఉంది. కండక్టరమ్మ జనానికి ఏం చెప్పుకుందో ఏమో, హారను మాత్రం కొట్టలేదు.

చాలాసేపటికి ఆమె లేచి, సంచి తీసుకుని కిందికి దిగింది. వెనకే ఆయన. ఆ సంచి వంక చూడలేక మెట్లు చూసుకుంటూ దిగాడు. లైబ్రేరియనమ్మ బల్ల దగ్గర ఆమె ఆగింది.

"సోమవారం ఎన్నింటికి తీస్తారమ్మా?"

"పొద్దున్నే తీస్తాం. మొదటి బస్సుకి వస్తే కుర్చీ దొరుకుతుంది."

ఆమె మొగుడి వైపు తిరిగింది. సంచి ఆయన చేతికిచ్చింది.

"మీ మొదటి బస్సు ఎన్నింటికి?"

నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు ఆ టైము. ఇరవయ్యేళ్ళుగా ఆ టైముకి లేచి, ఆ టైముకి బతికినవాడు. సంచి గుండెలకి పట్టుకున్నాడు.

"గుర్తు రావడం లేదే," అన్నాడు.

"సరే పదండి, కండక్టరమ్మని అడుగుదాం," అంది.